వికలాంగ పిల్లల కుటుంబాల మీద రీసెర్చ్: ఆ ఫారాలు ఎందుకు, వాటివల్ల మనకేంటి?

ఖమ్మం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. బాబుకు ఏడేళ్ళు. నాలుగో ఏట బుద్ధిమాంద్యం ఉందని చెప్పారు. థెరపీకి తీసుకెళ్ళే సెంటర్లో ఒక పీహెచ్‌డీ అమ్మాయి 52 ప్రశ్నల ఫారం ఇచ్చి, అవును, కాదు అని టిక్కులు పెట్టమంది. ఈ బిడ్డ వల్ల ఇంట్లోవాళ్ళు ఏమైనా వదులుకోవాల్సి వచ్చిందా, నలుగురిలోకి తీసుకెళ్ళాలంటే ఇబ్బందిగా ఉంటుందా, ఇలాంటివి. "కొన్నిటికి అవును అని పెట్టాను. నా బిడ్డ గురించి నేనేనా అలా పెట్టింది అని ఆ రాత్రంతా ఏడుపు, నిద్ర లేదు. వీళ్ళ రీసెర్చ్ వల్ల మా పిల్లలకు ఒరిగేదేమైనా ఉందా? మళ్ళీ రమ్మని ఫోన్ చేశారు. వెళ్ళాలా వద్దా?"

అమ్మా, ముందు నా సంగతి చెప్పాలి. అలాంటి ఫారాలు చేత్తో పట్టుకుని ఊళ్ళు తిరిగినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. సైకాలజీ చదివి ఇరవై ఏడేళ్ళు ఇలాంటి కుటుంబాలతోనే పనిచేశాను. రెండేళ్ళ కింద రిటైరయ్యాను. కాబట్టి మీకు నిద్ర లేకుండా పోయిన ఆ రాత్రిలో నాలాంటి వాళ్ళకూ కొంత వాటా ఉంది.

వెళ్ళాలా వద్దా అన్నది చివర్లో చెప్తాను. ముందు ఆ ప్రశ్నలు ఎక్కడివో తెలిస్తే మీ మనసు కొంచెం తేలికపడుతుంది.

మీరు నింపిన కాగితం నేను చూడలేదు గానీ, 52 ప్రశ్నలు, అవును-కాదు అంటే ఒకటి గుర్తొస్తోంది. 1974లో అమెరికాలో జీన్ హోల్‌రాయిడ్ అనే సైకాలజిస్టు 285 ప్రశ్నలతో ఒక పెద్ద ఫారం తయారుచేశారు. ఇంట్లో జబ్బుతోనో వైకల్యంతోనో ఉన్న మనిషి వల్ల మిగతావాళ్ళ మీద ఎంత ఒత్తిడి పడుతోందో కొలవడానికి. అంత పెద్దది ఎవరు నింపుతారు? 1983లో ఫ్రీడ్రిక్ అనే ఆయన, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని 52 ప్రశ్నలకు కుదించారు. అప్పటినుంచి ప్రపంచమంతా అదే తిరుగుతోంది. మన దగ్గర పీహెచ్‌డీలలో కూడా తెగ వాడారు. అందులో ఒక భాగం పేరే నిరాశావాదం. అంటే ఆ ప్రశ్నలు మిమ్మల్ని బాధపెట్టడానికని ఎవరూ రాయలేదు, కానీ రాసినవాళ్ళు మొదలుపెట్టిందే 'ఈ బిడ్డ ఈ ఇంటికి ఎంత నష్టం చేశాడు' అన్న చోటు నుంచి. నష్టం లెక్కేసే కాగితంలో నష్టమే కనపడుతుంది. మీకు బాబు అంటే ఎంత ఇష్టమో రాయడానికి అందులో గడి లేదు. లేని గడిలో మీరెలా టిక్కు పెడతారు?

ఇంకో మాట. 'నలుగురిలోకి తీసుకెళ్ళాలంటే ఇబ్బంది' అన్నదానికి అవును అని పెట్టారంటే బిడ్డను చూసి సిగ్గుపడుతున్నారని అర్థం కాదు. ఆ నలుగురూ ఎలా చూస్తారో మీకు తెలుసని అర్థం. ఫారానికి ఈ తేడా తెలియదు. ప్రశ్న అడిగిన అమ్మాయికి తెలిసుండాలి.

ఫారానికి ఏం తెలియదో నాకు మొదట అర్థమైన రోజు బాగా గుర్తు. 1998 ప్రాంతంలో అనుకుంటా, నల్గొండ దగ్గర ఒక ఊరు. రెండు గదుల ఇల్లు, తొమ్మిదేళ్ళ పిల్లవాడు, మాటలు రావు. నేను చాప మీద కూర్చుని ఒక్కో ప్రశ్న చదువుతున్నాను. తల్లి ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పక్కనే నవారు మంచం మీద అత్తగారు. నేను ఏది చదివినా ఆ తల్లి ఒకసారి మంచం వైపు చూసి, "ఏం లేదు మేడం, మాకేం ఇబ్బంది లేదు" అంటోంది. నలభై నిమిషాల్లో ఫారం అయిపోయింది. స్కోరు వేస్తే నేను ఆ ఏడాది కలిసిన తల్లులందరిలోకీ టెన్షన్ లేని మనిషి ఆవిడే. బస్సు టైమవుతోందని లేచాను. రోడ్డు దాకా దిగబెడతానని వెంట వచ్చింది.

చింతచెట్టు కింద బస్సు కోసం నిలబడ్డ పదిహేను నిమిషాల్లో మొత్తం చెప్పేసింది. పిల్లవాడు రాత్రి రెండింటికి లేచి గడియ తీసుకుని బయటికి వెళ్ళిపోతాడు. ఒకసారి బావి దగ్గర దొరికాడు. అప్పటినుంచి తన కొంగు వాడి కాలికి కట్టుకుని పడుకుంటుంది. వాడు కదిలితే తనకు మెలకువ వస్తుంది. మూడేళ్ళుగా ఏ పెళ్ళికీ రాత్రి ఉండలేదు. వాడి తర్వాత పుట్టిన ఆడపిల్లను అమ్మ దగ్గర వదిలేసింది, ఇద్దరినీ చూసుకోలేక. ఆ పిల్ల ఇప్పుడు తనను అక్కా అని పిలుస్తోందట. ఇది చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారింది. బస్సొచ్చింది. సీట్లో కూర్చుని టికెట్ వెనకాల రాసుకున్నాను, ఎందుకంటే నా ఫారంలో రాత్రి నిద్ర గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు.

ఆ తర్వాత నేను ఏ ఇంటికెళ్ళినా మొదటి ప్రశ్న మార్చేశాను. 'నిన్న రాత్రి ఎవరు లేచారు?' అని అడిగేదాన్ని. దానికి ఎవరూ ఏం లేదు మేడం అనరు. ఎన్ని గంటలకు లేచారో, ఎందుకు లేచారో, పక్కవాళ్ళు లేచారా ముసుగు తన్ని పడుకున్నారా, అన్నీ బయటికొస్తాయి.

నాకు ఇది ఒక బస్టాపులో తెలిసింది. ఈ రంగానికి తెలియడానికి మాత్రం యాభై ఏళ్ళు పట్టింది. ఆ కథ కొంచెం చెప్తాను, ఎందుకంటే అందులో మీలాంటి తల్లులకు జరిగిన అన్యాయం ఒకటుంది.

1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాశాడు. ఆటిజం అన్న మాట ఆ వ్యాసంతోనే జనంలోకి వచ్చింది. ఆ పిల్లల తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్ళు, ముభావంగా ఉన్నారు అని కూడా అందులో రాశాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని తల్లి ప్రేమ చూపించకపోతే బిడ్డ ఇలా అవుతాడన్న వాదం పుట్టింది. తల్లిని ఫ్రిజ్‌తో పోల్చారు. చికాగోలో బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో దీని మీద పుస్తకమే రాశాడు. అప్పటికే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఆయన కొడుక్కే ఆటిజం, అమెరికా నౌకాదళంలో పనిచేసేవాడు, 1964లో ఇదంతా తప్పు, ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన విషయం అని ఆధారాలతో చూపించాడు. కొడుకు గురించి దొరికినదల్లా చదివి రాసిన పుస్తకం అది. చివరికి 1969లో కానరే తల్లిదండ్రుల సభలో నిలబడి, మీ తప్పేం లేదని చెప్పాల్సి వచ్చింది. ఈలోపు పాతికేళ్ళు. ఎంతమంది తల్లులు తామే చేశామని కుమిలిపోయారో ఎవరు లెక్కపెట్టారు?

మనకు బెటెల్‌హైమ్ అక్కర్లేదు లెండి. ఆ పనికి ఇరుగుపొరుగు సరిపోతారు. గ్రహణంలో కూరలు కోశావా, కడుపుతో ఉన్నప్పుడు ఏం చూశావు, మీ వైపు ఎవరికైనా ఉందా. మేనరికమైతే ఇంకో చిక్కు. మేనమామనో బావనో చేసుకున్న ఇంట్లో పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే మనుషులు. మామూలుగా అత్తింట్లో మాట పడ్డ పిల్ల పుట్టింటికి పోయి నాలుగు రోజులు ఏడ్చి వస్తుంది. మేనరికం ఇంట్లో ఆ దారి కూడా మూసుకుపోతుంది. మేనరికం వల్ల కొన్ని జన్యు సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. కానీ అలా వచ్చేవి ఎక్కువగా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడేవి. అందులో తల్లి ఒక్కదాని వాటా అంటూ ఏమీ ఉండదు. మీది మేనరికమో కాదో నాకు తెలియదు. అయితే ఈ ఒక్క వాక్యం మీ ఇంట్లో గట్టిగా చదివి వినిపించండి.

ఆ రోజుల్లోనే సైమన్ ఒల్‌షాన్స్కీ అనే ఆయన ఇంకో పని చేశాడు. పెద్ద పరిశోధకుడేం కాదు, మాసచూసెట్స్‌లో కుటుంబాలతో నేరుగా పనిచేసినవాడు. అప్పట్లో డాక్టర్లందరూ తల్లిదండ్రులకు ఒకటే చెప్పేవాళ్ళు: ఒప్పుకోండి, ఒప్పుకుంటే సరిపోతుంది, ఇంకా ఏడుస్తున్నారంటే మీకేదో మానసిక సమస్య ఉన్నట్టు. 1962లో ఒల్‌షాన్స్కీ చిన్న వ్యాసం రాశాడు. ఈ తల్లిదండ్రుల దుఃఖం జబ్బు కాదు, సహజం, అది పూర్తిగా పోదు, మధ్యమధ్యలో తిరిగొస్తుంది, వాళ్ళను ఒప్పుకోమని వెంటపడకండి అన్నాడు. పక్కింటి పిల్లవాడు స్కూలుకు వెళ్ళే మొదటి రోజున, చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌లో, అలాంటప్పుడు. నా దగ్గరికొచ్చిన ఒక తండ్రి, బ్యాంకు ఉద్యోగి, చాలా గట్టి మనిషి, పదో తరగతి రిజల్టు వచ్చిన రోజు టీవీ ఆపేసి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకున్నానని చెప్పాడు. ఆయన కొడుక్కి అప్పటికి పదహారేళ్ళు. ఆ రాత్రి మీకొచ్చిన ఏడుపు కూడా ఆ జాతిదే. మీకేం తేడా చెయ్యలేదమ్మా.

సరే, వీటివల్ల మనకేంటి అన్నారు. కొన్ని విషయాలు నిజంగా తేలాయి, వాటిలో మీకు పనికొచ్చేవి చెప్తాను.

అన్నిటికన్నా పనికొచ్చేది ఇది. అమెరికాలో బ్రూస్ బేకర్, జాన్ బ్లాకర్ అనే ఇద్దరు మరికొందరితో కలిసి మూడేళ్ళ పిల్లలున్న రెండు వందలకు పైగా కుటుంబాలను చూశారు. కొందరు పిల్లలకు ఎదుగుదల ఆలస్యం, కొందరికి ఏమీ లేదు. ఎదుగుదల ఆలస్యమున్న పిల్లల తల్లిదండ్రులకు ఒత్తిడి ఎక్కువ, అది అందరికీ తెలిసిందే. కానీ ఏ ఇంట్లో ఎందుకు ఎక్కువ అని విడదీసి చూస్తే, పిల్లవాడి తెలివితేటల స్కోరు ఎంత తక్కువన్నదాని కంటే వాడి ప్రవర్తన ఎంత కష్టంగా ఉందన్నదే లెక్కలోకి వచ్చింది. అరవడం, కొట్టడం, విసరడం, నిద్రపోకపోవడం. వాళ్ళ ఫలితాలు 2002లో, 2003లో వచ్చాయి. రెండోదాంట్లో ఇంకొకటి కూడా చూపించారు. పిల్లవాడి ప్రవర్తన వల్ల తల్లిదండ్రుల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి వల్ల ఏడాది తిరిగేసరికి పిల్లవాడి ప్రవర్తన ఇంకా చెడుతుంది. గానుగెద్దు తిరిగినట్టు అదే చుట్టు.

ఇది మీకెందుకు మంచి వార్త అంటే, ఐక్యూ మన చేతిలో లేదు, ప్రవర్తన చాలావరకు ఉంది. మీ బాబు రిపోర్టులో ఉన్న 50 ఐక్యూనో 60 ఐక్యూనో చూసి కూర్చుంటే చేసేదేం లేదు. రోజూ సాయంత్రం ఏడింటికి వాడు కంచం ఎందుకు విసురుతున్నాడో చూస్తే చెయ్యగలిగింది చాలా ఉంటుంది.

పటాన్‌చెరు నుంచి ఒకాయన కొడుకును తెచ్చేవాడు. ఫ్యాక్టరీలో పని. పదేళ్ళ పిల్లవాడు సాయంత్రాలు తన చెయ్యి తనే కొరుక్కునేవాడు, ముంజేతి మీద కాయ కాసిపోయింది. మందులు వాడారు, తాయెత్తు కట్టించారు, తిరుపతిలో తలనీలాలు ఇచ్చారు. నేనేం కొత్త మందు ఇవ్వలేదు. ఒక రూళ్ళ నోటుబుక్కు ఇచ్చాను. మూడు గీతలు. కొరుక్కోవడానికి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు. రెండు వారాలు రాయమన్నాను. తండ్రి రాయలేడు, పెద్ద కూతురు ఏడో తరగతి, ఆ పిల్ల రాసింది. ముత్యాల్లాంటి అక్షరాలు. చూస్తే పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు ఒకటే కథ. ఇల్లంతా ఒకటే గది. ఏడింటికి సీరియల్ పెద్ద సౌండుతో మొదలవుతుంది, అదే టైముకు కుక్కర్ విజిల్స్, పిల్లవాడికి అన్నం ఎనిమిదిన్నరకు. కొరుక్కోగానే అందరూ పరుగెత్తుకొచ్చి ముందు వాడికి అన్నం పెట్టేస్తున్నారు. ఆకలేసినవాడికి, చెప్పడానికి మాటలు లేనివాడికి, అన్నం తెప్పించే ఒకే దారి అది. ఆరున్నరకు స్నానం, వెంటనే అన్నం అని మార్చారు. కంచం చూపిస్తే అన్నం అని నేర్పారు. నాలుగు నెలలు పట్టింది. పూర్తిగా పోలేదు, వారంలో ఒకట్రెండు సార్లకు వచ్చింది. చేతి మీద కాయ మానింది.

ఈ మూడు గీతల పద్ధతికి పెద్ద పేర్లున్నాయి. మీరు పేరు అడక్కండి, మీ స్పెషల్ టీచర్ని 'ప్రవర్తన రికార్డు ఎలా రాయాలో చూపించండి' అని అడగండి. రీటా పెషావరియా, వెంకటేశన్ కలిసి 1992లో మన దేశపు పిల్లల కోసం తయారుచేసిన స్కేలు ఒకటుంది, అందులో సమస్య ప్రవర్తనలకు ఒక భాగమే ఉంది. ఈ చదువు చదివిన టీచర్లకు తెలిసే ఉంటుంది.

రెండో విషయం డబ్బు. బ్రిటన్లో ఎరిక్ ఎమర్సన్ అనే ఆయన, ఇలాంటి పిల్లల తల్లుల మానసిక బాధలో బిడ్డ వల్ల వచ్చేది ఎంత, పేదరికం వల్ల వచ్చేది ఎంత అని లెక్క తీశాడు. ఇలాంటి పిల్లల తల్లులకూ మిగతా తల్లులకూ ఉన్న తేడాలో పెద్ద భాగం ఇంటి ఆర్థిక పరిస్థితే అని తేలింది. మనకు ఇది చెప్పడానికి బ్రిటన్ దాకా పోవాలా అంటారు. నిజమే, వారానికి మూడు రోజులు థెరపీ అంటే మూడు రోజుల కూలి పోయిందని ఏ తల్లినడిగినా చెప్తుంది. కానీ కాగితం మీద లెక్క ఉంటేనే ప్రభుత్వంతో మాట్లాడొచ్చు. అందుకే అడుగుతున్నాను: బాబుకు సదరం సర్టిఫికెట్ తీశారా? వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే తెలంగాణలో 2023లో 4,016 రూపాయలు చేసిన పింఛనుకు అర్హత. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా కొంత అందులో వస్తుంది. మండలంలో భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ ప్రత్యేక టీచర్లుంటారు. అన్నీ గొప్పగా నడుస్తాయని చెప్పను. ఫిజియో డాక్టరు రావాల్సిన రోజున తాళం వేసి ఉన్నవి కూడా చూశాను. కానీ ఇంటికి దగ్గర్లో ఉన్నదాన్ని ముందు వాడుకోండి.

మూడోది, అందరూ భయపెట్టే విషయం. ఇలాంటి బిడ్డ ఉంటే తల్లి డిప్రెషన్లోకి పోతుంది, మొగుడు వదిలేస్తాడు అంటారు. జార్జ్ సింగర్ అనే పరిశోధకుడు 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూశాడు. ఎదుగుదల లోపమున్న పిల్లల తల్లుల్లో 29 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు, మిగతా తల్లుల్లో 19 శాతం. తేడా ఉంది, దాచాల్సింది లేదు. కానీ తిరగేసి చదవండి, నూటికి డెబ్బై మంది తల్లుల్లో లేవు. విడాకుల సంగతి కూడా ఆయనే ఇంకొకరితో కలిసి 2004లో చూశాడు. కొంచెం ఎక్కువే గానీ జనం అనుకునేంత లేదు. ఇవన్నీ ఎక్కువగా పాశ్చాత్య దేశాల లెక్కలు. మన దగ్గర విడాకులు కాగితం మీద తక్కువ, మనిషి ఇంట్లోనే ఉండి పట్టించుకోకపోవడం ఎక్కువ. అది ఏ లెక్కలోకీ రాదు. ఆ 29 మందిలో మీరున్నారేమో మాత్రం చూసుకోండి. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండీ నిద్రా తప్పడం, చచ్చిపోతే బాగుండు అనిపించడం ఉంటే, బాబు కోసం కాదు, మీ కోసం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. చావు ఆలోచనలు వస్తుంటే ఒక్కరోజు కూడా ఆగకండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నాలుగోది నాకు ఇష్టమైనది. మార్షా మేలిక్ అనే ఆవిడ, అప్పట్లో సెల్ట్‌జర్ అని ఇంటిపేరు, 1988లో అమెరికాలో రెండు రాష్ట్రాల్లో 461 కుటుంబాలను ఎంచుకున్నారు. 55 నుంచి 85 ఏళ్ళ తల్లులు, పెద్దవాళ్ళైన బుద్ధిమాంద్యమున్న కొడుకులూ కూతుళ్ళూ ఇంకా వాళ్ళతోనే ఇంట్లో ఉంటున్నారు. ఇంతకాలం మోసి మోసి అరిగిపోయి ఉంటారని అందరూ అనుకున్నారు. చూస్తే ఆ వయసు మిగతా ఆడవాళ్ళతో పోల్చినప్పుడు ఆరోగ్యంలో, మనసు నిబ్బరంలో ఏం తీసిపోలేదు. వాళ్ళకున్న పెద్ద బెంగ మాత్రం మీకు తెలిసిందే: నా తర్వాత వీడికెవరు? మీ బాబుకు 18 నిండే దాకా మీరే గార్డియన్లు. ఆ తర్వాత కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ద్వారా 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద గార్డియన్‌షిప్ తీసుకోవాలి. ఇంకా పదకొండేళ్ళుంది, ఇప్పుడే దాని గురించి నిద్ర పోగొట్టుకోకండి.

మన దగ్గర ఈ పని మొదట గట్టిగా చేసింది సికింద్రాబాద్ బోయిన్‌పల్లి, మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం మీద పనిచేసే జాతీయ సంస్థ. 1984లో పెట్టారు, పేరు మారినా పాతవాళ్ళందరూ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. అక్కడ పెషావరియా, మిగతావాళ్ళు 1990లలో భారతీయ కుటుంబాలతో కూర్చుని మాట్లాడి, ఎంత నష్టం అన్న ప్రశ్నను 'మీకేం కావాలి' అన్న ప్రశ్నగా మార్చారు. కుటుంబ అవసరాల ఫారం ఒకటి తయారుచేశారు. తల్లిదండ్రులకు వేరు, అన్నదమ్ములకు అక్కచెల్లెళ్ళకు వేరు, తాత అమ్మమ్మ నాయనమ్మలకు వేరు. మంచం మీద కూర్చున్న ఆ అత్తగారికీ ఒక కాగితం ఉంటుందని, ఆవిడకూ చెప్పుకోవాల్సింది ఉంటుందని నాకు అప్పుడుగానీ తట్టలేదు. తర్వాత ఒకసారి వేరే ఊళ్ళో అలాంటి అత్తగారిని విడిగా అడిగితే, "నాకు మనవడి జబ్బేంటో ఇంతవరకూ ఎవరూ చెప్పలేదమ్మా, డాక్టరు దగ్గరికి వాళ్ళిద్దరే పోయొస్తారు" అంది. ఏం తెలియని మనిషి ఏదో ఒకటి అంటుంది మరి.

2016లో వచ్చిన ఇంకో పనిలో గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను ఆటిజం ఉన్న 65 మంది పిల్లల కుటుంబాలను తీసుకుని, అందులో దాదాపు సగం మంది తల్లిదండ్రులకు, స్పెషలిస్టులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలు పిల్లవాడితో ఎలా ఆడాలో నేర్పారు. తల్లిదండ్రులు స్పందించే తీరు బాగుపడింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. అన్ని కొలతల్లోనూ బాగుపడలేదు, అది కూడా దాచకుండా రాశారు. ఖమ్మంలో స్పీచ్ థెరపిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్ళకు ఇలాంటివి అక్కరకొస్తాయి. ఆ 65 కుటుంబాలు రామన్నట్టయితే అదంతా తేలేది కాదు. మీరడిగిన 'ఒరిగేదేమిటి'కి నా దగ్గరున్న నిజాయితీ గల జవాబు ఇదే. మీరు నింపిన ఫారం వల్ల మీ బాబుకు ఈ ఏడాది ఏమీ రాకపోవచ్చు. ఇంకెవరి బిడ్డకో పదేళ్ళ తర్వాత రావచ్చు, ఆ ఫారం మంచిదైతే.

ఇప్పుడు ఆ ఫోను సంగతి. వెళ్ళాలన్న బలవంతం లేదు. మన దేశంలో వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నిబంధనల ప్రకారం మనుషుల మీద చేసే ఏ పరిశోధనకైనా ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మీకు అర్థమయ్యే భాషలో వివరించి సంతకం తీసుకోవాలి, మధ్యలో ఎప్పుడైనా కారణం చెప్పకుండా మానుకోవచ్చు. మానుకున్నందుకు బాబు థెరపీ ఆగకూడదు. మీరు చదవకుండా సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం కాపీ అడిగి తీసుకోండి. అడగడం మీ హక్కు, ఆ అమ్మాయి నొచ్చుకోదు. నొచ్చుకుంటే ఆమెకే మంచిది కాదు.

వెళ్తే మాత్రం మీ షరతులతో వెళ్ళండి. ఏ ప్రశ్న నచ్చకపోతే అది వదిలేస్తానని ముందే చెప్పండి. ఆ రాత్రి నిద్రపట్టలేదన్న మాట కూడా ఆమెతో అనండి. పీహెచ్‌డీ చేసే పిల్లలకు ఇది ఎవరూ చెప్పరు. నాకు ఒక తల్లి ఇరవై ఏళ్ళ కింద మొహం మీద చెప్పింది, "మీరొచ్చి పుండు కెలికి పోతారు, కట్టు ఎవరు కడతారు" అని. ఆ తర్వాత నేను ఫారం అయిపోయాక ఇంకో అరగంట కూర్చోకుండా ఏ ఇంటి నుంచీ లేవలేదు. ఫలితాలు వచ్చాక తెలుగులో ఒక పేజీ రాసి ఇవ్వమని అడగండి. తెలుగులో అంటే అచ్చు వేసిన భారీ అనువాదం కాదు, మీరు చదివి మీ ఆడపడుచుకు చెప్పగలిగేది.

ఇంకొకటి. ఇన్నేళ్ళ ఈ పరిశోధనలన్నిటిలోనూ తల్లులే కనిపిస్తారు. తండ్రులు చాలా తక్కువ, డ్యూటీలో ఉన్నారని వదిలేస్తారు. నా పాత ఫైళ్ళు తిరగేస్తే నేనూ అదే చేశాను. మీరు రాసిన రెండు పేరాల్లో కూడా బాబు వాళ్ళ నాన్న ఎక్కడా రాలేదు. ఈసారి వెళ్తే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆయన కోసం ఇంకో కాగితం అడగండి. నింపేటప్పుడు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టొద్దని కూడా చెప్పండి.